అందరూ చదవమనే పుస్తకాల్లో ముందు ఏది? పది తెలుగు పుస్తకాల పోలిక

"ఒక మంచి తెలుగు పుస్తకం చెప్పండి" అని నలుగురున్న చోట అడిగి చూడండి. పది నిమిషాల్లో ఇరవై పేర్లు వస్తాయి. ఒకరు వేయిపడగలు చదవకపోతే తెలుగువాడిగా పుట్టీ దండగ అంటారు. ఇంకొకరు మహాప్రస్థానం తలకింద పెట్టుకుని పడుకున్న రోజులు చెబుతారు. మూడో ఆయన చివరకు మిగిలేది అని ఒక్క మాట అని ఊరుకుంటారు, ఆ ఊరుకోవడమే పెద్ద సిఫారసులా ఉంటుంది. అందరి ఉత్సాహమూ నిజమే. చిక్కల్లా, వాళ్లలో ఎవరూ ఆ పుస్తకం చదవడానికి ఎంత ఓపిక కావాలో చెప్పరు. వెయ్యి పేజీల నవలనూ వంద పేజీల నవలికనూ ఒకే గొంతుతో మెచ్చుకుంటారు.

అందుకే ఈ పోలికలో ఏది గొప్పదన్న వాదన పెట్టుకోలేదు. పదీ నిలబడిన పుస్తకాలే. ఎవరు, ఎప్పుడు, ఏ వరసలో చదివితే చివరిదాకా వెళ్తారన్నదే ఇక్కడి లెక్క.

ముందు పొగడ్తను చదవడం నేర్చుకోవాలి

మెచ్చుకునే మాటలో పుస్తకం గురించి సగమే ఉంటుంది. మిగతా సగం ఆ మనిషి గురించి.

"అచ్చం మా ఊరే" అన్నారంటే ఆ పుస్తకానికి యాస, నేటివిటీ ప్రాణమని అర్థం. ఆ ఊరివాళ్లకి అది తేలిగ్గా సాగుతుంది, మీకు మొదటి ముప్పై పేజీలు నెమ్మదిగా నడవొచ్చు. "పదిసార్లు చదివాను" అన్నది ఎక్కువగా హాస్యానికీ కవిత్వానికీ కథల సంపుటాలకీ వచ్చే మెప్పు. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చన్నమాట. "నా ఆలోచననే మార్చేసింది" అంటే మాత్రం ఎన్నో ఏట చదివారో అడగండి. ఇరవై ఏళ్లప్పుడు చదివిన మహాప్రస్థానం వేరు, నలభై దాటాక మొదటిసారి తెరిచే మహాప్రస్థానం వేరు. ఇక "కన్యాశుల్కం నాకు కంఠతా వచ్చు" అనేవారిలో చాలామందికి వచ్చేది గిరీశం మాటలు నాలుగైదు. పాఠ్యపుస్తకంలో ఒక ముక్క, 1955లో వచ్చిన సినిమా, అక్కడక్కడా విన్న డైలాగులు కలిసి మొత్తం నాటకం చదివేశామన్న భ్రమ కలిగిస్తాయి.

కాబట్టి సిఫారసు చేసినవారిని రెండు ప్రశ్నలు అడగాలి: మొత్తం చదివారా, ఏ వయసులో చదివారు? ఆ రెండు జవాబులూ వింటే జాబితా దానంతటదే సగానికి తగ్గుతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నిడివి మొదటిది. చాలాకాలంగా తెలుగు చదవడం తప్పినవారు గంటకు 20 పేజీలు చదివితే బాగా చదివినట్టే. ఆ లెక్కన వెయ్యి పేజీలంటే 50 గంటలు. రోజూ అరగంట కేటాయిస్తే మూడు నెలల పైమాటే. ఈ లెక్క వేసుకోకుండా మొదలుపెట్టినవాళ్లే రెండు వందల పేజీల దగ్గర గుర్తు పెట్టి అల్మరాలోకి తోసేస్తారు.

రెండోది భాష. ఇందులో మూడు రకాల కష్టాలున్నాయి. యాస వల్ల వచ్చే కష్టం రెండు మూడు రోజుల్లో పోతుంది, ఎందుకంటే చెవికి అలవాటవుతుంది. సంస్కృత సమాసాల కష్టం అంత త్వరగా పోదు, నిఘంటువు దగ్గర పెట్టుకోవాలి. మూడోది వాక్యం నడక. పదాలన్నీ తెలిసినవే అయినా, పాత్ర ఆలోచనల్లోంచి ఆలోచనల్లోకి దూకుతుంటే దారి తప్పుతుంది. దీనికి మందు తీరిక ఒక్కటే.

మూడోది, కథ ఎక్కడ అందుకుంటుందన్నది. కొన్ని మొదటి పేజీలోనే చెయ్యి పట్టుకుంటాయి. కొన్నిటికి వంద పేజీలు ఇవ్వాలి. నాలుగోది, ముక్కలుగా చదవొచ్చా, ఏకబిగిన చదవాలా. బస్సులో ఇరవై నిమిషాలు దొరికేవారికి ఇదే అన్నిటికంటే ముఖ్యం. చివరిది, పుస్తకం మూశాక మనసు మీద ఎంత బరువు మిగులుతుందన్నది.

| పుస్తకం | రకం | నిడివి | భాషలో కష్టం | ముక్కలుగా చదవొచ్చా | బరువు |
|---|---|---|---|---|---|
| కన్యాశుల్కం (గురజాడ) | నాటకం | మధ్యస్థం | ఉత్తరాంధ్ర పాత వాడుక, మధ్యలో ఇంగ్లీషు | అంకానికి అంకం | పైకి నవ్వు, లోపల చేదు |
| బారిష్టర్ పార్వతీశం (మొక్కపాటి) | హాస్య నవల | మొదటి భాగం చిన్నది, మూడూ కలిపితే పెద్దది | చాలా తక్కువ | చక్కగా | లేదు |
| వేయిపడగలు (విశ్వనాథ) | మహానవల | దాదాపు వెయ్యి పేజీలు | ఎక్కువ | కష్టం | చాలా |
| చివరకు మిగిలేది (బుచ్చిబాబు) | మనోవిశ్లేషణ నవల | మధ్యస్థం | వాక్యం నడకలో | వద్దు | చాలా |
| కాలాతీత వ్యక్తులు (పి. శ్రీదేవి) | సాంఘిక నవల | మధ్యస్థం | తక్కువ | పరవాలేదు | కొంత |
| చిల్లర దేవుళ్లు (దాశరథి రంగాచార్య) | చారిత్రక నేపథ్య నవల | మధ్యస్థం | తెలంగాణ వాడుక, ఉర్దూ మాటలు | పరవాలేదు | ఎక్కువ |
| అతడు అడవిని జయించాడు (కేశవరెడ్డి) | నవలిక | చిన్నది | తక్కువ | వద్దు | ఎక్కువ |
| అమరావతి కథలు (సత్యం శంకరమంచి) | నూరు చిన్న కథలు | పెద్దది, కానీ ముక్కలు | తక్కువ | అందుకే పుట్టింది | కథను బట్టి |
| మహాప్రస్థానం (శ్రీశ్రీ) | గేయాలు, కవితలు | చిన్నది | సమాసాలు | పైకి చదవాలి | ఊపు |
| అమృతం కురిసిన రాత్రి (తిలక్) | వచన కవిత్వం | చిన్నది | కొంత | చక్కగా | మెత్తటిది |

నవ్వు కావాలంటే: పార్వతీశమా, గిరీశమా?

చాలాకాలంగా తెలుగు పుస్తకం పట్టనివారికి పార్వతీశమే ముందు. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, బారిష్టరు చదువుకని మద్రాసు మీదుగా ఇంగ్లండు చేరడం 1924లో వచ్చిన మొదటి భాగం కథ. రైలు, హోటలు, ఓడ, వేషం, భోజనం, ఇలా ప్రతి మజిలీలోనూ ఒక చిక్కు, ఆ చిక్కుని కథానాయకుడే అమాయకంగా, గంభీరంగా చెప్పడం. ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు.

జాగ్రత్త ఒకటే. నవల మూడు భాగాలు. మెచ్చుకునేవారు చెప్పే నవ్వంతా దాదాపు మొదటి భాగంలోదే. రెండో భాగంలో అక్కడి చదువూ స్నేహాలూ, మూడో భాగంలో తిరిగొచ్చాక ప్లీడరీ, సంసారం, స్వాతంత్య్రోద్యమం. అవి చెడ్డవేం కావు, కానీ వేగం తగ్గుతుంది, నవ్వు చిరునవ్వవుతుంది. "మొదట్లో ఉన్నంత బాలేదు" అని నిరాశపడేవారు మొదటి భాగం దగ్గర ఆగి, నెలా రెండు నెలలయ్యాక మిగతావి చదివితే సరి. కొన్ని ప్రచురణల్లో మొదటి భాగం ఒక్కటే ఉంటుంది. అట్ట మీద ఆ మాట కనిపించకపోవచ్చు, విషయసూచిక చూడండి.

కన్యాశుల్కం అలా తేలిగ్గా లొంగదు. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన నాటకం 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. జనం మెచ్చుకునే వేశ్య పాత్ర మధురవాణి ఈ రెండో కూర్పులో మధురవాణి. మొదటి కూర్పూ దొరుకుతుంది, పరిశోధకులకు విలువైనది కూడా, కానీ తొలిసారి చదివేవారు పొరపాటున దాన్ని కొంటే ఇంత పేరు ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఏడు అంకాలున్నది తీసుకోండి.

చదివేవారు ఆగిపోయేది ఎక్కువగా రెండో అంకంలో. మొదటి అంకమంతా గిరీశం మోసేస్తాడు. తర్వాత ఒక్కసారిగా అగ్రహారంలో ఇల్లంతా జనం. పేర్లు కలగాపులగమైపోతాయి. ఒక చీటీ మీద రెండిళ్లు రాసుకోండి. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు, భార్య వెంకమ్మ, వితంతువైన పెద్ద కూతురు బుచ్చమ్మ, అమ్మకానికి పెట్టిన చిన్న కూతురు సుబ్బి, కొడుకు వెంకటేశం, వెంకమ్మ అన్నగారు కరటక శాస్త్రి. రామచంద్రపురంలో పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు, ఆయన కూతురు మీనాక్షి, చుట్టూ తిరిగే రామప్పంతులు. ఈ రెండిళ్ల మధ్యా మధురవాణి. ఇంత రాసుకుంటే తర్వాత నాటకం దానంతటదే నడుస్తుంది.

ఇంకోటి: కన్యాశుల్కం కళ్లతో చదివితే సగమే అందుతుంది. ఉత్తరాంధ్ర మాట తీరు చెవిన పడాలి. ఇద్దరు ముగ్గురు కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదివితే మొదట అర్థం కాని మాటలు కూడా సందర్భంలో తేలిపోతాయి. గురజాడ కాలధర్మం చెంది నూరేళ్లు దాటింది కాబట్టి రచనకు కాపీహక్కు లేదు, ఉచితంగా చట్టబద్ధంగా దొరుకుతుంది. అయినా తొలిసారి చదివేవారు కఠిన పదాలకు అర్థాలున్న అచ్చు ప్రతి కొనుక్కోవడం మేలు. తెలుగు లిపి రాని పిల్లలకు కథ అందించాలంటే వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదం 'గర్ల్స్ ఫర్ సేల్' 2007లో వచ్చింది.

మనసు లోతులు కావాలంటే: దయానిధితోనా, ఇందిరతోనా?

చివరకు మిగిలేది, కాలాతీత వ్యక్తులు, ఈ రెండు నవలల పేర్లూ ఒకే రకం పాఠకుల నోట వస్తాయి. చదివిన అనుభవం మాత్రం పొంతన లేనంత వేరు.

చివరకు మిగిలేది 1952లో పుస్తకంగా వచ్చింది. తల్లి మీద పడిన మచ్చ నీడలో పెరిగిన డాక్టరు దయానిధి, అతని జీవితంలోకి వచ్చిపోయే కోమలి, అమృతం, సుశీల, ఇందిర. సంఘటనలు లేవని కాదు. రాయలసీమ, వజ్రాల గని, ప్రాంతాల మధ్య గొడవ దాకా కథ వెళ్తుంది. కానీ బుచ్చిబాబు ఆసక్తి సంఘటన మీద లేదు, అది జరుగుతుంటే దయానిధి మనసు ఎటు జారిందన్నదాని మీద ఉంది. ప్రకృతి వర్ణన, జ్ఞాపకం, తర్కం ఒకే పేరాలో కలిసిపోతాయి. రోజుకు పది పేజీలు చదివి మూస్తే మర్నాడు దారి దొరకదు. వరసగా రెండు మూడు గంటలు దొరికే సెలవు రోజుల్లో మొదలుపెట్టాలి. "ఏం జరిగింది" అని వెతుక్కుంటూ చదివేవారికి ఇది విసుగు తెప్పిస్తుంది. ఆ విసుగుకు సిగ్గుపడనక్కర్లేదు, వాళ్లకిది ఇప్పుడు కాదు, అంతే.

కాలాతీత వ్యక్తులు అందుకు పూర్తిగా ఎదురు. 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో ధారావాహికగా వచ్చి మరుసటి ఏడు పుస్తకమైంది. విశాఖపట్నం. ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర, మెడిసిన్ చదివే ప్రకాశం, చదువుకోసం వచ్చిన కల్యాణి, సరదా మనిషి కృష్ణమూర్తి. సంభాషణల మీదే నవల నడుస్తుంది, యాభై పేజీలు తెలియకుండా అయిపోతాయి. ఇందిరను రచయిత్రి మెచ్చుకోమనీ అనదు, తిట్టుకోమనీ అనదు. చదివిన ఇద్దరు కలిస్తే వాదన ఖాయం, కాబట్టి నలుగురు కలిసి చదువుకునే బృందానికి ఈ పదింటిలో ఇంతకంటే మంచిది లేదు. శ్రీదేవి డాక్టరు. 1961లో చిన్న వయసులోనే పోయారు. నవలగా ఈ ఒక్కదాంతోనే నిలిచారు.

'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకు ఆధారం ఈ నవలే. సినిమా చూసినవారు అదే హుషారు ఆశించి మొదలుపెట్టకండి. నవల ఇందిర అందులో లేదు.

రెండూ చదవాలనుకుంటే శ్రీదేవి ముందు, బుచ్చిబాబు తర్వాత. ఇందులో పరువు ప్రతిష్ఠల లెక్కేమీ లేదు, మొదటిది చదవడం అలవాటు చేస్తుంది, రెండోది ఆ అలవాటును వాడుకుంటుంది.

వేయిపడగలు ఇప్పుడే మొదలుపెట్టాలా?

అన్నిటికంటే ఎక్కువమంది కొని, అన్నిటికంటే తక్కువమంది పూర్తి చేసే పుస్తకం ఇదే కావచ్చు. కాబట్టి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

1934లో రాసిన నవల. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అడివి బాపిరాజు నారాయణరావుతో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావు దీన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు. విశ్వనాథ ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశారని ప్రసిద్ధి. ఆ సంగతి గుర్తుంచుకోవడం చదివేవారికి పనికొస్తుంది, ఎందుకంటే ఇది చెప్పిన నవల. చెప్పే మనిషి మధ్యలో ఆగి సంగీతం గురించీ, నాటకాల గురించీ, ఇంగ్లీషు చదువుల గురించీ పది పేజీలు మాట్లాడి మళ్లీ కథలోకొస్తాడు. ఆ పక్కదార్లు వద్దనుకుంటే నవలలో మూడో వంతు వద్దనుకున్నట్టే.

ఆగిపోయే చోట్లు రెండు. మొదటిది ఆరంభమే. సుబ్బన్నపేట పుట్టుక, కోట, పుట్ట, సుబ్రహ్మణ్యేశ్వరుడు, పురాణం చెబుతున్నట్టు సాగే కథనం. కథానాయకుడు ధర్మారావు కోసం ఎదురుచూస్తూ చదివితే ఓపిక చాలదు. ఇక్కడ నాయకుడు ఊరే అనుకుని చదవండి, అడ్డు తొలగుతుంది. రెండోది మధ్య భాగం, ధర్మారావు ఉద్యోగాలూ వాదాలూ వరసగా వచ్చే చోటు. అక్కడ వేగం పడిపోతుంది. గిరిక, పసరిక పాత్రలు వచ్చే ఘట్టాలు మళ్లీ నిలబెడతాయి.

మూడో అడ్డంకి భాష కాదు, అభిప్రాయం. విశ్వనాథ వర్ణధర్మాన్నీ పాత వ్యవస్థనూ దాపరికం లేకుండా సమర్థిస్తారు. ఆ వాదంతో పేచీ ఉన్నవారికి పేజీ పేజీకీ చిర్రెత్తుతుంది. పేచీ పెట్టుకుంటూనే చదవొచ్చు, చాలామంది అలాగే చదివారు. కూలిపోతున్న ఒక లోకాన్ని లోపలినుంచి ఇంత వివరంగా చూపిన తెలుగు నవల మరొకటి చూపించడం కష్టం. కానీ రచయితతో ఏకీభవిస్తేనే పుస్తకం ఆనందించగలనని తెలిసినవారు ఈ డబ్బుతో వేరే రెండు పుస్తకాలు కొనుక్కోవడం మంచిది.

మొదలుపెట్టేవారికి ఆచరణ: రోజుకు పదిహేను పేజీలు, అధ్యాయం మధ్యలో ఆపకుండా. అలా అయితే రెండు నెలల పైన కాస్త. ఈ మధ్యలో వేరే నవల ముట్టుకోకూడదు, కథలైనా కవిత్వమైనా పరవాలేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో చివరి అట్ట లోపల రాసుకుంటూ వెళ్లండి. ఒకే బైండుగా వచ్చిన ప్రతి పడుకుని చదవడానికి పనికిరాదు, చేతులు లాగుతాయి. బల్ల మీద పెట్టుకుని చదివే వీలు లేనివారు ఈ-బుక్ చూడటం నయం.

ఇటీవలే మళ్లీ తెలుగు చదవడం మొదలుపెట్టినవారికి జవాబు: ఇప్పుడే వద్దు. నాలుగో పుస్తకమో ఐదో పుస్తకమో కానివ్వండి.

ఊరు, దొర, అడవి

అమరావతి కథలు 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. నూరు కథలు, బాపు బొమ్మలు, 1979లో సాహిత్య అకాడెమీ అవార్డు, తర్వాత శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ సీరియల్. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలు. రోజుకు రెండు కంటే ఎక్కువ చదవకండి. వరసగా ఇరవై చదివితే ముగింపు విరుపు ముందే తెలిసిపోతుంది, రుచి చెడుతుంది. "ఒకేలా ఉన్నాయి" అనేవారిలో ఎక్కువమంది ఒకే ఆదివారం కూర్చుని చదివినవారే. మొదటి కథ 'వరద'తోనే మొదలుపెట్టండి, పుస్తకం స్వభావం అక్కడే తెలుస్తుంది. బెంగళూరులోనో అమెరికాలోనో పెరుగుతూ తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలకు రాత్రిపూట పెద్దవాళ్లు పైకి చదివి వినిపించడానికి దీని నిడివి సరిగ్గా సరిపోతుంది. అయితే అన్నీ పిల్లల కథలు కావు, ముందు ఒకసారి చూసుకోండి.

చిల్లర దేవుళ్లు నిజాం పాలన చివరి రోజుల తెలంగాణ పల్లె. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన పాటగాడు పాణి కళ్లతో దొరల రాజ్యం చూస్తాం. బయటివాడు కాబట్టి అతనికి తెలియనివి మనకూ ఒక్కొక్కటిగా తెలుస్తాయి. కోస్తా, సీమ పాఠకులకు ఇదే పెద్ద వెసులుబాటు. నాలుగు మాటలు ముందే తెలిసుంటే చాలు: గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, వెట్టి అంటే కూలి లేకుండా చేయించుకునే చాకిరి, ఆడబాప అంటే పెళ్లికూతురి వెంట గడికి పంపే దాసి, అమీన్ అంటే పోలీసు అధికారి. నచ్చితే ఆ వరసలోనే మోదుగు పూలు, జనపదం ఉన్నాయి. వరస తప్పించి చదివితే నష్టం లేదుగానీ, చిల్లర దేవుళ్లుతో మొదలెడితే సాయుధ పోరాటం ఎందుకొచ్చిందో ముందే తెలిసి ఉంటుంది.

అతడు అడవిని జయించాడు గురించి ఎక్కువ చెప్పకూడదు. తప్పిపోయిన పంది కోసం ఒక ముసలివాడు పొద్దుగూకే వేళ అడవిలోకి వెళ్తాడు. ఒక రాత్రి. అంతే కథ. ఒక్క కూర్చోవడంలో చదవాలి, మధ్యలో ఆపితే బిగువు సడలుతుంది. రాత్రి భోజనమయ్యాక మొదలుపెడితే పడుకునే వేళకు అయిపోతుంది, నిద్ర పట్టకపోతే అది వేరే సంగతి. జంతువుల చావు చదవలేనివారు దీని జోలికి పోవద్దు. ఇంగ్లీషు నవలలు చదివే అలవాటుండి తెలుగులో "అంత బిగువుగా" ఏముంటుందని అడిగేవారికి చేతిలో పెట్టాల్సింది ఇదే.

కవిత్వం: శ్రీశ్రీయా, తిలకా?

మహాప్రస్థానం 1950లో పుస్తకమైనా అందులోవి ఎక్కువగా 1930ల నాటి కవితలు. ఊపంతా లయలో ఉంది. మౌనంగా చదివితే సమాసాలు రాళ్లలా తగులుతాయి, పైకి చదివితే అవే తాళం వేస్తాయి. వరసగా చదవనక్కర్లేదు. 'బాటసారి', 'భిక్షువర్షీయసి', 'శైశవగీతి' ముందు. తర్వాత 'దేశచరిత్రలు'. 'కవితా! ఓ కవితా!' అన్నిటికంటే చివర, చేతిలో నిఘంటువుతో. చలం ముందుమాట 'యోగ్యతాపత్రం' దానంతటదే ఓ రచన. కవితలు చదివాక చదవండి, లేకపోతే చలం కళ్లతోనే శ్రీశ్రీ కనిపిస్తాడు.

తిలక్ 1966లో పోయారు. అమృతం కురిసిన రాత్రి 1968లో వచ్చింది, 1971లో సాహిత్య అకాడెమీ అవార్డు పొందింది. వచన కవిత కాబట్టి ఒంటరిగా, మెల్లగా చదువుకోవచ్చు. 'తపాలా బంట్రోతు', 'సైనికుడి ఉత్తరం' మంచి గుమ్మాలు. కవిత్వం తనకు పడదనుకునేవారికి తిలక్ ముందు. పాట, తాళం ఇష్టపడేవారికి శ్రీశ్రీ ముందు. ఇరవై లోపు వయసువారికి ఎవరూ చెప్పకపోయినా శ్రీశ్రీ ఎలాగూ దొరుకుతాడు.

మీరు ఎవరో దాన్ని బట్టి

ఏళ్ల తరబడి తెలుగు చదవనివారు: పార్వతీశం మొదటి భాగం, తర్వాత అతడు అడవిని జయించాడు, తర్వాత కాలాతీత వ్యక్తులు. మూడూ కలిపినా నెల పట్టదు.

బస్సు, మెట్రో ప్రయాణంలో చదివేవారు: అమరావతి కథలు సంచిలో, తిలక్ ఫోనులో.

పెద్దవాళ్లకు కానుక: వాళ్లు వేయిపడగలు ఎప్పుడో చదివే ఉంటారు, కొత్త ప్రతి ఇస్తే సంతోషిస్తారు. కానీ ఫాంటు చూసి కొనండి. పుటలు తగ్గించడానికి అక్షరం నలిపేసిన ముద్రణలు అరవై దాటినవారికి పనికిరావు.

చరిత్ర కోసం సాహిత్యం చదివేవారు కన్యాశుల్కం, వేయిపడగలు, చిల్లర దేవుళ్లు ఈ వరసలో చదివితే మూడు ప్రాంతాలు, మూడు కాలాలు, ఒకదానితో ఒకటి ఒప్పుకోని మూడు చూపులు ఎదురవుతాయి. ఏడాది పెట్టుకోండి.

కొనేముందు

డిసెంబరులో హైదరాబాదు, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఇవన్నీ చేత్తో పట్టుకుని చూడొచ్చు. మొదటి పేజీ చూసి నిర్ణయించుకోవద్దు. తెలుగు పుస్తకాల్లో మొదటి పాతిక పేజీలు ముందుమాటలూ అభినందనలూ తినేస్తాయి. పైగా కొందరు పెద్దలు ముందుమాటలోనే కథంతా, ముగింపుతో సహా, చెప్పేస్తారు. నేరుగా ముప్పై, నలభై పేజీల మధ్య ఎక్కడైనా తెరిచి రెండు పేజీలు నిలబడి చదవండి. రెండో పేజీ చివర మూడోది తిప్పాలనిపిస్తే కొనండి.

ఎక్కడో దొరికిన స్కాను ప్రతులతో మొదటిసారి చదవడం దండగ. వత్తులు చెరిగి, సున్నాలు మాయమై, యాసలో రాసిన మాట అచ్చుతప్పో అసలు మాటో తెలియక తికమకపడతారు. చాలావాటికి ఇంకా కాపీహక్కు కూడా ఉంది: మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లు. శ్రీశ్రీకి 2043 చివరిదాకా, విశ్వనాథకు 2036 చివరిదాకా.

సగంలో ఆగిపోతే ఎక్కడ ఆగారో తేదీ వేసి పేజీలో రాసుకోండి. ఆగింది భాష వల్లయితే పైకి చదివి చూడండి. నడక వల్లయితే సెలవులదాకా పక్కన పెట్టండి. విషయంతోనే పేచీ అయితే ఎవరికైనా ఇచ్చేయండి, మీరు ఆపిన పుస్తకం కోసం వెతుక్కుంటున్నవారు పక్కవీధిలోనే ఉంటారు.